విద్వాంసుని ఋణము

కుమారుఁడు గాని కుమార్తె గాని ఉన్నతవిద్య కేఁగు వేళ, తాను సాహిత్యమునో చరిత్రనో భాషాశాస్త్రమునో చదివెదనని పలికినచో మన గృహములలో మొదటఁ బుట్టు ప్రశ్న యొక్కటే: "దానివలన నేమి యుద్యోగము వచ్చును?" ఈ ప్రశ్న నడుగు తలిదండ్రులను లోభులని నిందించుట న్యాయము కాదు. ఒక యేటి మిరప తెగులువాఱిపోయినను, ఒక యేటి పత్తికి ధర పడిపోయినను పెక్కేండ్లు అప్పు తీర్చుకొను కుటుంబములు గల సీమ మనది. అట్టివారికి బిడ్డల జీవనోపాధి చిన్న విషయ మెట్లగును? కాని యా ప్రశ్న వెనుక వేఱొక ప్రశ్న దాఁగియున్నది. దానిని మన మంతగా నడుగుట లేదు. విద్వాంసుఁడు దేనివలన బ్రతుకుచున్నాఁడు? ఎవరి కొఱకుఁ బనిచేయుచున్నాఁడు? అతఁడు పరిశోధించు విషయము అతని సొత్తా, అతనికి జీత మిచ్చువారి సొత్తా, లేక దానిని అతని చేతి కందించినవారి సొత్తా?

ఈ ప్రశ్నను ఆకాశమున నిలిపి వాదించుటకంటె నొక్క చోటును బట్టి విచారించుట మేలు. అందులకు అమరావతికంటెఁ దగిన చోటు మనకు దొరకదు. పదునెనిమిదవ శతాబ్దపుఁ గడపట వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడుగారు చింతపల్లినుండి తమ రాజధానిని అమరేశ్వరాలయముచెంతకు మార్చి క్రొత్త పట్టణమును గట్టింపఁ దొడఁగిరి. కట్టడములకు రాయి కావలసివచ్చి జనులు దీపాలదిన్నె యను దిబ్బను త్రవ్విరి. దానినుండి చెక్కడపుఁ బలకలు బయలుపడెను. 1797లో కాలిన్ మెకంజీ యను కుంపిణీ సర్వే యధికారి యా సంగతి విని వచ్చి చూచెను. 1816లో చిత్రకారులను వెంటఁబెట్టుకొని మరల వచ్చెను. ఈ రెండు రాకల నడుమఁ గడచిన పందొమ్మిదేండ్లలోఁ బెక్కు పలకలు మెట్లుగాను గోడలుగాను మాఱిపోయెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించినవి కొన్ని మదరాసు చేరి, యటనుండి 1859లో ఓడ యెక్కి లండను నగరమునకుఁ బోయినవి. నేఁడా మహాచైత్యపు శిల్పములు లండనులోని బ్రిటిషు మ్యూజియమునందును, చెన్నపట్టణపు మ్యూజియమునందును, అమరావతియందును విడివిడిగా నున్నవి.

మెకంజీ పరివారము గీచిన చిత్రములు ఎనుబదికిఁ బైగాఁ గలవు. వానిలో నొక విశేషమును చదువరులు గమనింపవలయును. పలకలపై నుండిన బ్రాహ్మీలిపిని వారిలో నెవ్వరును చదువఁజాలరు. ఆ లిపి మర్మమును జేమ్సు ప్రిన్సెప్ భేదించినది 1837లో. అనఁగా ఇరువది యొక్క యేండ్లకుఁ దరువాత. తమకు నర్థము గాని యక్షరములను, అర్థ మగునో కాదో యను నిశ్చయము సైతము లేని యక్షరములను, ఆ లేఖకులు గీఁతగీఁతగాఁ జూచి వ్రాసికొనిరి. తోఁచిన చోటఁ బొడిగింపలేదు, తోఁచని చోట విడువలేదు. విద్వాంసునకు మొదటి ఋణము వస్తువునకు. తన కాలమునఁ దన కది ఫల మిచ్చినను ఈయకున్నను, ఉన్న దున్నట్లు తరువాతివారి కందించుట యా ఋణము తీర్చుట. ఈ ధర్మమునకు పట్టము లక్కఱలేదు. అప్పటి చిత్రకారునకు జీతము పరిమితము, కీర్తి యంతకంటెఁ బరిమితము. అయినను అతని నమ్మకమైన చేయి లేకున్నచో, పిదప రాలిపోయిన పలకలను గూర్చి యెంతటి యాచార్యుఁడును నోరు మెదల్పఁజాలఁడు.

రెండవ ఋణము తోడి చేతులకు. ఇచ్చట మన తెలుఁగువారి చరిత్రలో మఱవరాని యొక యుదాహరణము కలదు. ఏలూరివారైన కావలి సోదరులు, బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి, మెకంజీకడఁ బనిచేసిరి. మెకంజీకి దేశభాషలలో ప్రవేశము లేదు. బొఱ్ఱయ్య యూరూరఁ దిరిగి శాసనములను సేకరించెను. పాతలిపులను పట్టుదలతో నేర్చెను. 1803లో నిరువదియేడేండ్ల ప్రాయమున మరణించెను. తరువాత నా భారము లక్ష్మయ్యపైఁ బడినది. ఆయన కనుసన్నల బ్రాహ్మణులు, జైనులు, కరణములు, లేఖకులు పల్లెపల్లెకుఁ బోయి దేవాలయ వృత్తాంతములను, వంశావళులను, గ్రామముల కైఫియతులను వ్రాయించి తెచ్చిరి. గుంటూరు మండలపు గ్రామచరిత్రను వ్రాయఁబూనువారు నేఁటికిని ఆ కైఫియతులను త్రిప్పిచూడక యడుగు ముందుకుఁ బెట్టలేరు. తనకు హిందూదేశపు విజ్ఞానద్వారమును జూపినవాఁడు బొఱ్ఱయ్యయే యని మెకంజీ 1817లో వ్రాసిన యొక లేఖలోఁ దెలిపెను. ఆ మాట యాతని కీర్తిని దగ్గింపలేదు, హెచ్చించినది.

1821లో మెకంజీ మరణించెను. ఆతని సంగ్రహమును కుంపిణీవారు పదివేల పౌనులకుఁ గొనిరి. 1828లో విల్సను పండితుఁడు దానికి వివరణపట్టికను బ్రకటించెను. ఇంతలో లక్ష్మయ్య, తాను జీవితమెల్ల ధారపోసిన యా పనిని దానే కొనసాగింతునని ప్రభుత్వమును గోరెను. ఆయన యప్పటికి మదరాసులో నొక హిందూ సాహిత్యసంఘమునకుఁ బెద్దగా నుండెను. విషయము కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ యభిప్రాయమునకుఁ బోయినది. ఆ సంఘమునకుఁ గార్యదర్శి ప్రిన్సెప్పే. దేశీయుఁడైన లక్ష్మయ్య యట్టి పదవికిఁ జాలినవాఁడు కాఁడని యభిప్రాయ మీయఁబడినది, కోరిక త్రోసివేయఁబడినది. ఆ వ్రాఁతప్రతులను బరీక్షించు పని పిమ్మట టేలరు అను క్రైస్తవ మతాచార్యుని చేతికి వచ్చినది. సేకరించుటకుఁ దగిన చేయి విచారించుటకుఁ దగని దైనది! తెచ్చువాఁడు వేఱు, తెలిసికొనువాఁడు వేఱు అను విభాగ మప్పుడే మన విద్యలో నొక గోడవలె లేచినది.

ప్రిన్సెప్ అల్పుఁడు కాఁడు. బ్రాహ్మీలిపిని జదివి మన పూర్వులకు మరల నోరిచ్చిన మహామేధావి. అందువలననే యీ యుదాహరణము మనకు మఱింత బోధకము. గొప్ప పాండిత్యము దానంతటఁ దాను న్యాయబుద్ధిని బుట్టింపదు. రాతిపైని యక్షరమును జదువఁగలిగిన కన్ను ప్రక్కనున్న మనుష్యుని యోగ్యతను జదువలేకపోవచ్చును. మేధ యొకటి, ధర్మ మొకటి. ఈ రెండును ఒక్కచో నుండునని మనము నమ్మి పండితులను పూజించుచున్నాము, లేనప్పుడు నిరాశపడుచున్నాము. అవి యొక్కచోఁ జేరుటకు సాధన కావలయునని గ్రహించినచో పూజయుఁ దగ్గును, నిరాశయుఁ దగ్గును.

దీనిని పరాయివాని దోషమని చెప్పి చేతులు దులుపుకొనుట సులభము. కాని దేశము స్వతంత్ర మైన పిదప నా గోడ పడిపోయినదా? శిష్యుఁడు మూఁడేండ్లు తిరిగి కూర్చిన సామగ్రి గురువు వ్యాసములో గురువు పేరనే వెలువడుట మనవారు వినని సంగతి కాదు. భర్త గ్రంథమునకు ప్రతులు వ్రాసి, పదసూచి కూర్చి, అచ్చుతప్పులు దిద్దిన భార్యకు పీఠికలో "సహనమునకు" మాత్రమే కృతజ్ఞత దొరకుచున్నది. ఆమె యిచ్చినది సహనము కాదు, పాండిత్యము. పాట చెప్పిన ముదుసలి "ఒక వృద్ధురాలు" అగుచున్నది. పాటను వ్రాసికొన్నవాఁడు ఆచార్యుఁ డగుచున్నాఁడు. లక్ష్మయ్యకు జరిగినదానిని జదివి నొచ్చుకొను మనము మన యింటి లక్ష్మయ్యలను గుర్తింపవలదా?

"పని నిలిచినఁ జాలదా? పేరుకొఱకుఁ బ్రాకులాడుట యహంకారము గాదా?" యని కొందఱనవచ్చును. మన పూర్వకవులు పేరు చెప్పుకొనక పెక్కు గ్రంథములు వ్రాసిరనియుఁ జూపవచ్చును. తన పేరును దాను విడుచుట వైరాగ్యము. ఇతరుని పేరును దాను తుడుచుట వైరాగ్యము కాదు. అదిగాక, పరిశోధనలో పేరు కేవలము సన్మానము కాదు, పూచీ. అమరావతి పలక యొక్కదానిపై "నాగబు" అను నక్షరములు గలవు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దానిని తెలుఁగుపదముగా గుర్తించిరి. మన భాషకు దొరకిన మొదటి మాట యని యది ప్రసిద్ధి కెక్కినది. అయితే యా మాట సంపూర్ణమైన పదమా, లేక యొక మనుష్యుని పేరులోని మొదటి ముక్కయా యని సంశయించుట కవకాశము కలదు. ఇట్టి చోట ఈ పాఠ మెవరు చదివిరి, ఏ యాధారమున నట్లు నిర్ణయించిరి యనునది తెలిసిననే కదా తరువాతివాఁడు పరీక్షింపఁగలుగును! చేసినవాని పేరు తుడిచినచో గౌరవముతోపాటు సత్యమును సరిచూచు మార్గము సైతము చెడును. శాస్త్రిగారి కీర్తి నాగబు తెలుఁగగుటమీఁద నిలువలేదు. ఆయన చూచినదానిని జూచినట్లు చెప్పి, పది మంది విచారించుటకు ముందుంచుటమీఁద నిలిచినది.

పేరును గూర్చిన యీ ధర్మమును అమరావతి ఱాళ్లే మనకు నేర్పుచున్నవి. ఆ చైత్యమును ఏ యొక్క రాజో కట్టింపలేదు. గృహస్థులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు తలయొక పలకయు తలయొక స్తంభమును దానము చేసిరి. వారి పేరులు దానశాసనములలోఁ గలవు. వానిలో నొకటి విధికుఁ డను చర్మకారునిది. అతఁడు పూర్ణఘటమును జెక్కిన పలకను సమర్పించెను. ఆ శాసనమున నతఁడు తన పేరొక్కటే చెప్పుకొని యూరకుండలేదు. తాను నాగోపాధ్యాయుని కుమారుఁడనని తండ్రిని స్మరించెను. తల్లితో, భార్యతో, సోదరులతో, నాగుఁడను కుమారునితో, కుమార్తెలతో, జ్ఞాతిమిత్రబంధువులతోఁ గూడి యీ దానము చేయుచున్నానని వ్రాయించెను. పుణ్యము నందఱకుఁ బంచెను. తోలు పని చేయువాని పేరు పదునెనిమిది శతాబ్దములకుఁ బైగా రాతిపై నిలిచినది. అతని తండ్రి యుపాధ్యాయుఁ డనఁబడెను. కులమునుబట్టి విద్యను గొలుచు మనవారి కీ యొక్క శాసనమే చాలినంత సమాధానము. విద్వాంసులకో, యిదియొక పాఠము. గ్రంథమును బ్రకటించునపుడు అందఱతోఁ గూడి చేసితినని చర్మకారుఁడు చెప్పఁగలిగినపుడు ఆచార్యుఁ డేల చెప్పలేఁడు?

ఇంక జీవనోపాధి ప్రశ్నకు వత్తము. మన తెలుఁగుదేశమున ఆధునిక పరిశోధనకుఁ బునాది వేసినవారిలోఁ బలువురకు విశ్వవిద్యాలయపు పదవి లేదు. భండారు అచ్చమాంబగారు (1874–1905) బడికిఁ బోయి చదివినవారు కారు. తమ్ముఁడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారితోఁ గూడి యింటనే చదివిరి. పిన్నవయస్సున బిడ్డలను బోఁగొట్టుకొనియు, స్త్రీల చరిత్రలను బెక్కు భాషలనుండి సేకరించి అబలాసచ్చరిత్ర రత్నమాలను రచించిరి. స్త్రీలకు విద్య తగదు, శక్తి చాలదు అనువారికి వాదముతోఁ గాక చరిత్రతో బదులు చెప్పిరి. లక్ష్మణరావుగారు మునగాల సంస్థానమున నుద్యోగము చేయుచు 1906లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించిరి. ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును దలపెట్టి, మూఁడు సంపుటములు వెలువడఁగా 1923లో మరణించిరి. ఆయనకుఁ దోడ్పడిన మల్లంపల్లి సోమశేఖరశర్మగారు విశ్వవిద్యాలయపుఁ బట్టము లేనివారు. అద్దంకిని కొండవీటిని ఏలిన రెడ్డిరాజుల చరిత్రను గుడిగోడలనుండియు తామ్రశాసనములనుండియు నొక్కొక్క పంక్తిగా నేరి కూర్చిరి. ఆ గ్రంథమును 1948లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తువారే ప్రకటించిరి. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా నుండి, సవరభాష తెలిసినవాని నింటఁ బెట్టుకొని యా భాష నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును వ్రాసిరి. ప్రభుత్వము ప్రతిఫల మీయఁబోఁగా నా సొమ్ముతో సవరలకు బడి పెట్టుఁడని కోరిరి.

ఈ మహనీయుల కథలను జెప్పి, "చూచితిరా! నిజమైన విద్వాంసునకు జీత మక్కఱలేదు" అని ముగించు వాడుక మనలోఁ గలదు. మే మట్టి ముగింపునకు సమ్మతింపము. పేదఱికము పాండిత్యమునకు భూషణము కాదు. సోమశేఖరశర్మగారు పట్టము లేకయే పండితులైరి, నిజము. కాని యట్లే బయలుదేఱి, దీపమునకు నూనె లేక, పుస్తకము కొన లేక, సగమున నాఁగినవారు చరిత్రకెక్కరు; కాఁబట్టి వారిని మనము లెక్కింపము. గెలిచిన నలువురను జూపి యాఁకలిని బొగడుట, ఆ యాఁకలికిఁ గారణమైన సమాజము తన్ను దాను క్షమించుకొనుటయే. అచ్చమాంబగారికిఁ గళాశాల ద్వారము తెఱవఁబడియుండినచో రత్నమాల కింకెన్ని సంపుటములు చేరియుండెడివో!

పదవి చేయఁగల మేలు నొక యుదాహరణమువలనఁ దెలిసికొందము. 1928లో ఒంగోలునఁ బుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్ర మభ్యసించి, తెలుఁగు ధాతువులను గూర్చిన మహాగ్రంథమును 1961లో బ్రకటించిరి. లోకములోని భాషావేత్తలు దానిని శిరసావహించిరి. అంతటితోఁ దృప్తిపడియుండినను ఆయన పదవికిఁ గొఱఁత వచ్చెడిది కాదు. కాని యాయన మాండలిక వృత్తిపదకోశమునకుఁ బూనుకొనిరి. నాగలిలోని యేయే భాగమును ఏ జిల్లా రైతు లేమని పిలుతురు, బండికిని కాఁడికిని మోటకును కల్లమునకును ఎచ్చట నే మాట కలదు అని పల్లెలకుఁ బోయి రైతుల నోటనే విని వ్రాయించిరి. వ్యవసాయపదముల సంపుటము 1962లో సాహిత్య అకాడమీ ప్రచురణముగా వెలువడినది. చేనేతపదముల సంపుటము తరువాత వచ్చినది. ఇట్టి పని యొంటరిపండితుని వలనఁ గాదు. జిల్లాజిల్లాకుఁ బోవువారు కావలయును, వారికిఁ బ్రయాణపు వ్యయము కావలయును, ప్రశ్నావళి కావలయును, కొన్నియేండ్ల నిలుకడ కావలయును. సంస్థయు జీతమును గలుగుటచేతనే యది సాధ్యమైనది. అయినను సంస్థ యుండుట మాత్రము చాలదు. దుక్కి దున్నువాని నోటిమాటయు నన్నయ పద్యములోని మాటవలెనే శాస్త్రమునకుఁ దగినదని నమ్మిన మన స్సొకటి ముందుండవలయును. జీతము దారిని జూపదు. దారి యెఱిఁగినవానికి బలము నిచ్చును.

నేఁటి స్థితి యేమి? 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయ మొక్కటి పుట్టినపుడు మనవారు పండువు చేసికొనిరి. 1976లో నంబూరుకడ నాగార్జునుని పేర విశ్వవిద్యాలయము వెలసినది. 2017 మొదలు అమరావతి ప్రాంతమున ప్రయివేటు విశ్వవిద్యాలయములును వచ్చినవి. చదువు చోట్లు హెచ్చినవి, సంతోషము. కాని పదోన్నతికిఁ బరిశోధనపత్రములను లెక్కవేసి గుణాంకము లిచ్చు పద్ధతి 2010 నుండి దేశమెల్ల వ్యాపించెను. దాని యుద్దేశము మంచిదే కావచ్చును: ఏ పనియుఁ జేయక వయస్సుచేతనే పెద్దలగువారిని గదలించుట. ఫలము వేఱైనది. పదేండ్లు పట్టు పని నెవరు తలపెట్టుదురు? ఆఱు నెలలలో ముగియు విషయమే యిష్టవిషయ మగుచున్నది. ఒక కవి కావ్యములలో ప్రకృతివర్ణన, మఱొక కవి కావ్యములలో ప్రకృతివర్ణన అని యొకే మూసలోఁ బోసిన సిద్ధాంతవ్యాసములు గ్రంథాలయములలో దుమ్ముపట్టుచున్నవి. తెలుఁగున గృహస్థులు చదువుట కనువుగా నొక మంచి పుస్తకము వ్రాసిన యధ్యాపకునకు, ఎవరును జదువని పత్రికలోఁ బత్రము ప్రకటించినవానికంటెఁ దక్కువ గుణాంకములు వచ్చుచున్నవి. ఆశ విద్యార్థులది కాదు, దోష మొక్క యధ్యాపకునిది కాదు. కొలపాత్ర యెట్టిదో ధాన్యమును అట్లే కొలువఁబడును.

ఇందులో స్త్రీలకు వేఱొక కష్టము గలదు. శాసనములకై గుట్టలెక్కుటకును, పాటలకై పల్లెలలో రాత్రులు నిలుచుటకును ఎన్ని యిండ్లలో కుమార్తెకు ననుమతి దొరకును? కావున "ఇంట కూర్చుండి చేయఁదగిన విషయము తీసికొమ్మ"ని గురువులే చెప్పుచున్నారు. బాపట్లలో నివసించిన ఊటుకూరి లక్ష్మీకాంతమ్మగారు ఆంధ్రకవయిత్రులను వెలికిఁ దీసి గ్రంథముగాఁ గూర్చినపుడు, మన సారస్వతమున మఱుగుపడిన పేరులకు మరల వెలుఁగు వచ్చినది. ఎవరు వెదకుదురో వారిని బట్టియే యేమి దొరకునో నిర్ణయ మగును. వెదకువారిలో స్త్రీలు లేకున్నచో, చర్మకారుని బిడ్డలు లేకున్నచో, కొన్ని పేరులు ఎప్పటికిని దొరకవు.

తుదకు మిగులు నాక్షేపము గట్టిది, దానిని దాఁటిపోరాదు. "కల్లములో మిరప యెండఁబోసికొని కాపలా కాయు రైతు కట్టు పన్నులోనిది కదా యాచార్యుని జీతము? ప్రాకృతశాసనమును జదివి యాయన రైతున కిచ్చు లాభమేమి?" అని యడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. శాసనమును జదివినందున ఎకరమునకు రెండు బస్తా లధికముగాఁ బండవు. అట్లు పండునని చెప్పు పండితుఁ డసత్యమాడుచున్నాఁడు. కాని రైతును పంటతోనే కొలుచుట రైతున కవమానము. తన నేలను బూర్వ మెవ రేలిరి, తనవంటివాఁ డెవఁడు ఏ దానము చేసెను, తాను పలుకు మాట యెంత ప్రాచీనము, తనను తక్కువవాఁడని చెప్పిన కట్టుబాటు నిజముగా ననాదియా, నడుమ వచ్చినదా, యివి తెలిసికొను హక్కు రైతునకుఁ గలదు. 2015లో క్రొత్త రాజధానికి అమరావతి పేరు పెట్టుటలో ధాన్యకటకపుఁ బ్రాచీనకీర్తి యొక కారణము. దీపాలదిన్నెను మట్టిదిబ్బ యని విడువక చూచినవారి కృషియే ఆ కీర్తిని మనకు మరలఁ దెచ్చినది. అయితే, హక్కు రైతుకుఁ గలదన్నచో విధి విద్వాంసునకుఁ గలదు. ఇది మూఁడవ ఋణము: ఎవరి నోటినుండి, ఎవరి పొలమునుండి, ఎవరి పన్నునుండి విద్య వచ్చినదో వారికి వారి భాషలో మరల నిచ్చుట. లోకమునకు ఇంగ్లీషున వ్రాయుఁడు, వలదనువారు లేరు. ఊరికిఁ దెలుఁగున వ్రాయకుండుట మాత్రము అప్పు ఎగవేయుట.

కావున, విద్వాంసుని విషయ మెవరి సొత్తని మొదట నడిగితిమి గదా, మా యుత్తర మిది: అది యెవరి సొత్తును గాదు, న్యాసము. ఒకరు దాఁచుకొమ్మని యిచ్చినది, తరువాతివారికి భద్రముగా నప్పగింపవలసినది. న్యాసమును గాచువానికిఁ గూలి యిచ్చుట సమాజధర్మము. కూలి యిచ్చినాము గాన న్యాసము మాది యని సమాజమును, కాచితిని గాన నాది యని విద్వాంసుఁడును అనరాదు. జీత మిచ్చు ప్రభుత్వము "ఈ విషయమును విడువుము, ఈ నిర్ణయమునకే రమ్ము" అని శాసించినపుడు విద్వాంసుఁ డెదురు చెప్పఁగలుగుట యీ భావము వలననే. తన కిష్టమని యేమి చేసినను చెల్లునని విద్వాంసుఁ డన్నపుడు సమాజము ప్రశ్నింపఁగలుగుటయు దీనివలననే.

గృహస్థులైన చదువరులు చేయఁదగినది స్వల్పముగాఁ గలదు. బిడ్డ చరిత్రనో సాహిత్యమునో చదివెదనన్నపుడు ఉద్యోగమును గూర్చి యడుగుఁడు, తప్పులేదు. దానితోపాటు "నీవు దేనిని దెలిసికొనఁ గోరుచున్నావు?" అనియు నడుగుఁడు. బదులు చెప్పఁగలిగినచో కొన్నియేండ్ల యోపిక వానికిఁ బెట్టుబడిగా నిండు. కుమార్తె యైనచో ప్రయాణమునకుఁ దోడు పంపుఁడు, వలదని మాత్రము చెప్పకుఁడు. ఇంట నవ్వ పాడు పాటను, తాత చెప్పు పొలము పేరులను వ్రాసికొనుమనుఁడు. పాడినవారి పేరును ప్రక్కన వ్రాయుమనుఁడు. మంచి తెలుఁగు చరిత్రగ్రంథము వెలువడినపుడు ఏఁడాదికి రెండైనను గొనుఁడు. అమరావతికిఁ బోయినపుడు గుడి చూచి మరలక మ్యూజియములోనికిని బోయి, ఆ పలకల మీఁది చిన్న యక్షరములు బిడ్డలకుఁ జూపుఁడు. అవి రాజుల బిరుదులు మాత్రమే కావనియు, తల్లిని భార్యను కుమార్తెలను దలఁచుకొనిన సామాన్యుల పేరులనియుఁ జెప్పుఁడు. ఆ యక్షరములను వ్రాసికొన్నవారిని, సేకరించినవారిని, చదివినవారిని గూడ నొక్క మాట చెప్పుఁడు. బొఱ్ఱయ్య లక్ష్మయ్యల పేరులు మన పిల్లలకుఁ దెలియుట కిప్పటికే చాల యాలస్యమైనది.